తాడు దించిన కిటికీ

"ఆ బొమ్మలో నోరు తెరుచుకున్నది నేనే. దింపండి."

కోల్‌కతా గ్యాలరీలో సప్తక్ నంది మొదటి ఫొటోలు గోడకెక్కిన రెండోరోజే, తితిర్ హాల్దార్ ఇలా తన గోడు వినిపించింది.

సప్తక్ ట్రాము కిటికీలోంచి తప్ప ఫొటో తీయడు. అద్దం మీది వానచుక్కలూ, ఎవరో ఆనించిన నుదుటి జిడ్డూ బొమ్మలోకి రావలసిందే. కుర్రాడి కిటుకంతా కిటికీలోనే ఉంది. ఈ ఫొటోలో తడిసిన రెండో అంతస్తు, తాడు కట్టిన సంచి కిందికి వదులుతూ చేపలతనితో తగాదాపడుతున్న అమ్మాయి.

మొహం ఆనవాలు పట్టలేరనుకున్నానని సప్తక్ నసిగాడు.

"మొహం ఎవరు చూశారు దాదా? ఆ సంచి మా పిషీది. పాత చీర అంచులతో పేనిన తాడు మా వీధిలో ఇంకోటి లేదు. నిన్నట్నుంచి పాలవాడు కూడా 'పులస దొరికిందా దీదీ' అంటున్నాడు."

పిషీ అంటే ఆమెను పెంచిన మేనత్త. దాదా అంటే అన్న; కుర్రాడి గుండెలో కలుక్కుమన్నది ఆ రెండో మాటే.

ఆదివారం న్యాయనిర్ణేత వచ్చి, అక్కడ ఫొటోలు పెట్టిన పదిమందిలో ఒకరికి సొంత ప్రదర్శన ఇస్తాడు. ఈ ఫొటో లేకపోతే నీకు ఆశ లేదని గ్యాలరీ మేనేజరు మొత్తుకున్నాడు.

"అడక్కుండా తీశాను. తప్పు నాదే," అని సప్తక్ తనే దింపేశాడు. గోడ మీద మేకు మిగిలింది.

మర్నాడు శనివారం. వానలో మొదటిసారి ట్రాము దిగి ఆ కిటికీ కింద నిలబడి పిలిచాడు. చేపలతనే అనుకుని పిషీ సంచి వదిలింది. అతను ఫొటోనూ, నెగెటివునూ అందులో పెట్టాడు. సంచి పైకెళ్లింది. కాసేపటికి కిటికీలో రెండు తలలు.

"చేప ఏదయ్యా?" అంది పిషీ. తర్వాత ఫొటోకేసి చూసి, "నా సంచి భలే వచ్చిందే తితిర్. నీ నోరే కాస్త పెద్దదైంది."

తితిర్ నవ్వాపుకోలేకపోయింది. "ఈసారి అడిగి తియ్యండి. కిందనుంచి కాదు, పైకి రండి." దాదా అనలేదని సప్తక్ మెట్లన్నీ ఎక్కాక గాని గమనించలేదు.

ఆ ఇంటి కిటికీలోంచే తీశాడు. చెమ్మగిల్లిన అద్దం మీద ఆమె నవ్వు నీడ, దాని వెనక వీధిలో సాగిపోతున్న ట్రాము.

ఆదివారం ఆ మేకుకే ఆ బొమ్మ వేలాడింది. న్యాయనిర్ణేత దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. చివరికి సొంత ప్రదర్శన సప్తక్‌దేనని ప్రకటించాడు. చప్పట్లతో హాలు మోగింది. వచ్చినవాళ్లందరికీ పిషీ వెంట తెచ్చుకున్న తన సంచి చూపిస్తోంది. ప్రేమకూ ఫ్రేముకూ ఎంతో దూరం లేదని ఆవేళ సప్తక్‌కు తెలిసింది.

"సొంత ప్రదర్శనట. ఒక్కణ్ణే ఉండాలని లేదు," అన్నాడు సప్తక్.

"అడగడం నేర్చుకున్నారుగా, సరిగ్గా అడగండి," అంది తితిర్.

అడిగాడు. ఆమె పిషీకేసి చూసింది.

పిషీ సంచి తాడు ఒకసారి లాగి చూసుకుంది. "ఒప్పుకోవే. తాడు గట్టిదే, నేనే పేనాను."