అత్త వదిలిన పోగులు

ధర్మవరంలో పట్టుచీరలకు డిజైన్లు గీసే నీలావతికి కంప్యూటరంటే ఎంత ప్రేమో, అత్త రుక్మిణమ్మ మగ్గమంటే అంత చిరాకు. సగం చీర మగ్గం మీదే వదిలి ముసలామె కన్నుమూసింది. నేతగాళ్లు చీర కోసినా పోగుల కొసలు మాత్రం మగ్గానికే ఉంచుతారు. కొత్త పోగుల్ని వాటికే మెలిపెట్టి అతకాలి కదా! ఆ మాత్రం నీలావతికి తెలియదా? తెలుసు. అయినా ఇంక నేసేదెవరులే అని కత్తెర పెట్టి, సగం చీరను కోసి తీసి, కొసల్ని కూడా తెగ్గోసి చెత్తలో పారేసింది.

ఆ సాయంత్రం ముసురు పట్టింది. మొగుడు నరేష్ పట్టు కోసం హిందూపురం పోయినాడు. మూడు కాన్పులు పోయాక నిలిచిన ఒక్కగానొక్క కూతురు మమత బడి నుంచి వచ్చి మగ్గం గదిలో చాప మీద నిద్రపోయింది. నడుం దాకా జడ. ఆ జడను అవ్వ రుక్మిణమ్మే రోజూ నూనె రాసి పెంచింది.

ముందు గదిలో నీలావతి సగం చీర ఫోటో కంప్యూటర్‌కు ఇచ్చింది. మిగతా డిజైను అదే పూరిస్తుంది. కానీ బొమ్మలు గీయడానికి కావలసిన గ్రాఫిక్స్ కార్డు కనబడలేదంది. కంప్యూటర్‌ను నడిపే లినక్స్ వేసిచ్చిన పెనుకొండ అశ్వినికి ఫోన్ చేసింది.

“కార్డు వాడే అనుమతి లేదేమోక్కా. నీ పేరు కార్డు వాడేవాళ్ల జాబితాలో, అదే రెండర్ గ్రూపులో చేర్చి మళ్లీ లాగిన్ అవ్వు.”

చేర్చింది. కార్డు కనబడింది గానీ, మెమరీ ఖాళీ లేదంది.

“ఇంకేదో ప్రోగ్రాం వాడుకుంటాండాది. ఆపేయ్.”

ఆపింది. ఫ్యాన్ల హోరు తగ్గింది. మరుక్షణమే మళ్లీ మొదలైంది. తడి పట్టు వాసన గుప్పుమంది.

“ఎవరు నడుపుతాండారే దీన్ని?”

“నీ మిషన్లో నువ్వు గాక ఇంకెవరుంటారక్కా?”

తెర మీద సగం చీర దానంతటదే తెరుచుకుంది. తను కోసిన చోటి నుంచి వరుస మీద వరుస పెరుగుతోంది. అంచు, బుటా, అంతా అత్త పనితనమే. పైన కొంగులో... చాప మీద ముడుచుకుని పడుకున్న పిల్ల.

మగ్గం గదిలో నేత చప్పుడు. టక్... టక్...

“అవ్వా... మెల్లగా. నొస్తాండాది.” మమత గొంతు.

నీలావతి ఫోను జారవిడిచి, కంప్యూటర్ ప్లగ్గు పీకేసింది. తెర ఆరిపోయింది. టక్... టక్... ఆగలేదు. పరిగెత్తింది.

మగ్గం దగ్గర ఎవరూ లేరు. మమత కళ్లు మూసుకునే ఉంది. ఎత్తుకోబోతే తల పైకి రాలేదు. జడ విప్పి ఉంది. చెత్తలో పారేసిన ఎర్ర పోగుల కొసలు మళ్లీ మగ్గంలో ఉన్నాయి. ఒక్కో కొసకు ఒక్కో వెంట్రుక... అత్త మెలిపెట్టే తీరులోనే.

కత్తెర తీసింది. ఒక్క వెంట్రుక కోసింది.

మమత ఊపిరి ఆగింది. కాసేపటికి మళ్లీ వచ్చింది.

“కోయొద్దంటాండాది అమ్మా, అవ్వ,” అంది పిల్ల నిద్రలోనే.

కత్తెర కింద పడింది. “అత్తా! తప్పయిపోయింది. నా బిడ్డను వదులత్తా!” అని నీలావతి మగ్గం మీద పడి ఏడ్చింది.

ముందు గదిలో, కరెంటు లేని కంప్యూటర్లో, ఫ్యాన్ల హోరు మొదలైంది.

టక్...

మగ్గం మీద అప్పుడే నేసిన బట్ట, వెంట్రుకల్ని లాగుతూ ఒక చుట్టు చుట్టుకుంది. మమత తల చాప దిగి, మగ్గం వైపు జానెడు జరిగింది.