మొదటి లొట్టి

పొద్దు వంగే యాళ్లకు గోపమ్మ ఇంటెనుక గడపల కూసొని చాటల బియ్యం ఏరుతాంది. ఎవలి కోసం ఏరుతాందో ఆమెకే ఎరుక లేదు. పొద్దుగాల జైలు నుంచి ఫోనొచ్చినప్పటిసంది పొయ్యి ముట్టియ్యలేదు.

"అయిపోయిందమ్మా" అన్నరంతే. అయిపోయింది ఆమె ఒక్కగానొక్క తమ్ముడు పెద్దులు. తెల్లారకముందే ఉరి తీసిండ్రు. శవం తీస్కపోమని ముందే కాయితం పంపితే వద్దని వేలుముద్ర ఏసిచ్చింది కూడా ఈమెనే. పాపం అంటరో, పాపిష్టిది అంటరో మీ ఇష్టం. ఆమె మాత్రం తనను తాను రెండోదే అనుకుంటాంది.

తెలంగాణ వచ్చిన రెండో ఏడు, ఎండకాలం. ఈ ఇంటెనుక తాటివనంలనే ఆమె మొగడు జానయ్యను గీతకత్తితోని నరికిండ్రు. అడ్డంబోయిన అత్త హనుమమ్మను గూడ ఇడువలేదు. జానయ్య తాగొచ్చి పెండ్లాన్ని గొడ్డును బాదినట్టు బాదేటోడు. ముందటి దినమే ఆమె చెయ్యి ఇరగ్గొట్టిండు. ఆ మాట ఇని పెద్దులు కల్లు మండువ కాడ పదిమంది ముంగట అననే అన్నడు, "ఇంకోపాలి మా అక్క మీద చెయ్యి లేస్తే నరుకుత" అని. ఇంకేముంది, అందరి ఏలు అటే లేసింది.

అయినా ఉరి బిగిసింది గోపమ్మ మాటతోనే. పెద్దులు చెట్లెక్కుడు మొదలువెట్టిన కొత్తల అక్కకు పానం నిలువకపోయేది. పడి సచ్చినోళ్లను ఎంతమందిని చూడలేదు! కట్టుకున్న చీరకొంగు చింపి, ఇత్తడి గజ్జెను మూడు ముళ్లేసి వాడు నడుముకు కట్టుకునే కత్తుల పొదికి కట్టింది. "ఇది మోగినంతసేపు నువ్వు పానంతోని ఉన్నట్టురా తమ్మీ" అన్నది. ఆ గజ్జె పెద్దులుదని ఊరంతా ఎరుకే. జానయ్యను నరికిన పొద్దుమూకి తాటివనంల ఆ గజ్జె చప్పుడు ఇన్ననని గోపమ్మ కోర్టుల చెప్పింది. అబద్ధం గాదు, ఇన్నది. చెట్టెక్కే మోకు, నెత్తురు కత్తి, గజ్జె, అన్నీ పెద్దులు ఇంట్లనే దొరికినయి. వాడు నోరు తెరువలేదు. బోనుల నిలవడి అక్కనే చూసిండు. ఆ చూపుల ఇసుమంత కోపం లేదు. అందుకే అన్నేండ్లసంది ఆమెకు కంటి మీద కునుకు లేదు.

చాటల బియ్యం మసకవడ్డయి. ఎండిన తాటికమ్మలు గాలికి గరగర రాసుకుంటున్నయి. ఎక్కడిదో పుల్లటి వాసన వచ్చింది. అప్పుడే దించిన కల్లు వాసన. జానయ్య పోయినంక ఆ వనంల ఒక్క చెట్టు గీసినోడు లేడు మరి...

ఘల్.

ఆమె చెయ్యి చాటల్నే ఆగింది. ఆ గజ్జె కోర్టోళ్ల సంచిల సీలేసి ఉన్నది.

ఘల్... సర్రున జారిన చప్పుడు. ఆగింది. మల్ల ఘల్... మోకు కిర్రుమన్నది. మల్ల ఆగింది.

"అక్కా..."

గోడవతల నుంచి. గొంతు పీల్చుకపోయినట్టు, గుసగుసగా.

"ఎవలు?"

"ఆ దినం గిట్లనే మోగిందా?"

గోపమ్మ గోడ దిక్కు తిరిగింది. "గిట్లనే... గిట్లనే మోగింది తమ్మీ."

"నేను గిట్లెక్కుతనా అక్కా?"

అయ్యో దేవుడా! పెద్దులు ఉడుతలెక్క ఎక్కేటోడు. వాని గజ్జె ఆగకుండ మోగేది. ఆ దినం మాత్రం జారుకుంట, ఆగుకుంట మోగింది. తాగిండేమో అనుకున్నది. అంతకుమించి ఆలోచన చెయ్యలేదు, కోర్టుల గూడ చెప్పలేదు.

కల్లు గీసే గౌండ్లోళ్ల ఇండ్లల్ల ఒక కట్టుబాటు ఉన్నది. మేనల్లునికి చెట్టెక్కుడు నేర్పేది మేనమామనే. మొదటి దినం తన మోకు, తన కత్తుల పొదే వాని నడుముకు కడుతడు. పిలగాడు మొదటి లొట్టి కల్లు దించి తల్లి కాళ్లకాడ పెట్టేదాక తల్లికి చెప్పొద్దు. తల్లి బుగులువడితే ఆ భయం పిలగాని కాలు గుంజుతదంటరు.

గోపమ్మ మెల్లగ తల దించింది. కాళ్లకాడ మట్టి లొట్టి ఉన్నది. నిండ కల్లు, మీద నురుగు ఇంక పొంగుతాంది.

ముంగట ఆటో ఆగింది. ఆలేరుల ఆటో తోలే కొడుకు మహేష్. మామ పోయిన దినం తల్లికి తోడుంటనని వచ్చిండు. ఇంట్లకెల్లి గడప దాక వచ్చి, ఆ లొట్టిని చూసి అక్కడ్నే కూలవడ్డడు.

"మామ నీకు మోకిచ్చిండా బిడ్డా?"

మహేష్ లొట్టి దిక్కు చూసుకుంటనే చెప్పిండు. "ఆ పొద్దుగాలనే ఇచ్చిండు. పొద్దుమూకి, మొదటి లొట్టి నీ కాళ్లకాడ పెడదామని ఒక్కన్నే ఎక్కుతున్న. కింద బాపు నిన్ను తిట్టుకుంట వచ్చిండు. నీ ఇరిగిన చెయ్యి కండ్లల్ల మెదిలింది... కత్తి తీస్కొని దిగిన... నాయినమ్మ మొత్తుకున్నది... నాకేం చేస్తున్ననో తెల్వలేదమ్మా. మామ ఉరికొచ్చి అన్నీ గుంజుకున్నడు. 'మా అక్కకు నువ్వొక్కనివన్న మిగులాలెరా' అన్నడు."

గోపమ్మ గుండెలు బాదుకున్నది. "నా నోటితోని తమ్మున్ని తింటిరా! మల్ల నోరు తెరిస్తే నిన్ను గూడ తింటగదరా!"

గోడవతల గజ్జె ఒక్కపాలి మోగి ఊకున్నది.

ఏడ్చి ఏడ్చి అలిసినంక కొంగుతోని మొఖం తుడుచుకున్నది. "మీ మామ హంతకుడనే పేరుతోని పోవొద్దు. తెల్లారంగనే ఠాణాకు పోదాం బిడ్డా."

"పోదామమ్మా" అన్నడు మహేష్, బడికి పోదామంటే ఒప్పుకున్న పిలగానిలెక్క. వాని చెయ్యి పట్టుకునే ఆమె మంచంల వాని పక్కన ఒరిగింది. కునుకు వట్టేముందు కొంగునెవలో మెల్లగ గుంజినట్టయింది. కొడుకే అనుకున్నది.

తమ్మున్ని ఉరికాడికి తీస్కపోయిన యాళ్లకే మెలకువొచ్చింది. బయట గాలి లేదు, కమ్మల చప్పుడు లేదు. కొడుకు చెయ్యి తన చేతులనే ఉన్నది, సల్లగ. పక్కకు జరిగితే కొంగు అందలేదు. చూస్తే ఒక మూల చినిగి ఉన్నది.

మహేష్ మొలతాడుకు ఇత్తడి గజ్జె కట్టి ఉన్నది. చినిగిన ఆ కొంగుపేలికతోనే. మూడు ముళ్లు, అచ్చం ఆమె ఏసే ముళ్లు, మోగినంతసేపు పానంతోని ఉన్నట్టని తమ్మునికి ఏసినట్టే.

"బిడ్డా... లేరా... తెల్లారుతాంది."

మహేష్ కండ్లు తెరిచిండు. లేసి కూసున్నడు. మంచం దిగి, "పోదాం పా అమ్మా" అని తలుపు దిక్కు నడిచిండు.

ఒక్క అడుగు. రెండు. మూడు.

నడుముకున్న గజ్జె మోగలేదు.