కన్ను పెట్టని కొంగ

మడుగు ఒడ్డున ఉన్న మాటుగుడిసెకి పొద్దుగూకాక ఒంటరిగా వెళ్ళకూడదనేవారు. పక్షులకి కనబడకుండా కూర్చుని, సన్నటి సందుల్లోంచి వాటిని చూసే చెక్కగుడిసె అది. లోపల ఎవరూ ఉండేవారు కాదు... కానీ నీళ్ళడబ్బాలో కుంచె కడుగుతున్న చప్పుడు వచ్చేదట.

మా బావ నమ్మేవాడు కాదు. ఆ మడుగులో పక్షుల్ని కనిపెట్టి ఉండడమే ఆయన ఉద్యోగం. మంచివాడే గానీ, సంతోషమొస్తే నోరు అదుపులో ఉండదు.

ఆ ఏడు మడుగు ఎండిపోయింది. తెల్లారితే పూడ్చేస్తారు. ఒక్క నీలిమెడ కొంగ ఫోటో తెస్తే ఆపుతానన్నాడు ఆఫీసరు. ఆ కొంగ కనబడి ఏళ్ళయింది. అయినా ఆ సాయంత్రం బావ కెమెరా మెడలో వేసుకుని గుడిసెకి వెళ్ళాడు.

తన సందులోంచి చూశాడు. బీటలువారిన బురద. దూరంగా వరసగా మట్టి లారీలు. ప్రాణం ఉసూరుమంది.

అప్పుడు... పక్కనే... డబ్బాలో కుంచె కదిలింది.

తల తిప్పితే ఒక పెద్దావిడ. ఒళ్ళో అట్ట, అట్ట మీద నీలిమెడ కొంగ బొమ్మ. రంగు ఇంకా తడిగానే ఉంది. ఈక ఈకా గీసింది — కన్ను మాత్రం లేదు.

"మెల్లిగా," అందావిడ గుసగుసగా. "అది నావైపు చూస్తేనే కన్ను పెడతాను."

"ఏదండీ... ఎక్కడ?"

"నా సందులోంచి చూడు నాయనా."

చూశాడు. నిండా నీళ్ళు... తుంగ... నడుమ ఒంటికాలి మీద కొంగ! నెమ్మదిగా తల ఇటు తిప్పుతోంది —

"ఉందండీ! ఉంది!" అని అరిచేశాడు బావ.

కొంగ లేచిపోయింది. కెమెరా మెడలోనే ఉండిపోయింది.

ఆవిడ కోప్పడలేదు. బొమ్మ తీసి బావ చేతిలో పెట్టింది. బావ మళ్ళీ వంగి ఆ సందులోంచే చూశాడు — బురద. వెనక్కి తిరిగాడు — బల్ల మీద దుమ్ము. మనిషి లేదు.

పొద్దున ఆఫీసరు బొమ్మ చూసి పెదవి విరిచాడు. "ఎప్పుడో ఆ గుడిసెలోనే చనిపోయిందే, ఆ పెద్దావిడ గీసిందయ్యా ఇది. పాత బొమ్మలు చూపిస్తే ఎలా?"

సాయంత్రానికి మడుగూ లేదు, మాటుగుడిసే లేదు. "నా నోరే ముంచింది," అని బావ ఇంటికొచ్చి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అక్క బొమ్మని గోడకి తగిలించింది.

చీకటిపడ్డాక లైటు వేసి, అక్క కెవ్వుమంది. నేనూ పరిగెత్తాను.

కొంగకి కన్ను ఉంది... తడి ఆరని కన్ను. దగ్గరగా చూస్తే అందులో, ఆవగింజంత, మట్టి లారీ.

అంటే, కొంగ మళ్ళీ వచ్చింది. ఆవిడవైపు చూసింది. అప్పటికి దానికి కనబడింది ఆ లారీయే.