నూకరత్నం తప్పులెక్కడ?

పన్నెండో ఫైలు తెరిచిన అరనిమిషానికే త్రినాథ్ పెదవి విరిచాడు. మళ్లీ అదే బాపతు. సాధనలో తప్పులు సున్నా.

పొద్దున్నుంచి పదకొండు ఫైళ్లు తేల్చాడు. ఒకడు చెల్లెలి చేత పరీక్ష రాయించాడు, ఇంకొకావిడ కళ్లజోడులోకి జవాబులు తెప్పించుకుంది. అవన్నీ చిల్లర వ్యవహారాలు, చూడగానే పట్టుబడిపోతాయి. తప్పుల్లేని ఫైలంటేనే అతనికి ఒళ్లు మండుతుంది. మనిషన్నవాడు అంత శుభ్రంగా ఉన్నాడంటే ఎక్కడో ఏదో కడిగేసుకుని వచ్చాడన్నమాటే కదా!

మెట్టు కళాశాలలో పూర్వకలనం, అంటే కలనానికి ముందు నేర్చే లెక్కలు, చదవడానికి చేరినవాళ్లందరికీ మొదటిరోజే ముందుచూపు అనే అంచనా యంత్రం ఒక గీత గీసిపెడుతుంది. ఏ వారం ఎన్ని గంటలు చదవాలి, ఎన్నో వారానికి త్రికోణమితి తలకెక్కుతుంది, ఆఖరికి ఎన్ని మార్కులొస్తాయి, అంతా ఆ గీతలోనే ఉంటుంది. గీత మీద నడిచేవాళ్ల జోలికి ఎవరూ పోరు. గీత కిందికి జారినవాళ్లని తేలికబాటకి మళ్లిస్తారు. తేలికబాటలో లెక్కలు హాయిగా ఉంటాయి గానీ, ఆ బాట పరీక్ష దాకా పోదు. గీత దాటి పైకి పోయినవాళ్లని మాత్రం ఆఫీసులో మించుళ్లంటారు. వాళ్లు నేరుగా త్రినాథ్ బల్ల మీదికొస్తారు.

ఈ మించుడి పేరు మజ్జి నూకరత్నం. ముప్ఫై తొమ్మిదేళ్లు. ఆసుపత్రి లాండ్రీలో పని. చేరేనాటికి లెక్కల పుస్తకం ముట్టుకుని ఇరవై మూడేళ్లు. ముందుచూపు అంచనా ముప్ఫై ఒకటి. నెలవారీ పరీక్షల్లో తెచ్చుకున్నవి డెబ్భై నాలుగు, ఎనభై రెండు, తొంభై ఒకటి. రోజూ రెండు గంటలు సాధన చేయమని ఇచ్చిన తెరపలక మీద మొదటివారం ఏవో నాలుగు లెక్కలు చేసి, రెండోవారం నుంచి దాన్ని వేలితో కూడా తాకలేదు. సాధన లేదు, తప్పుల్లేవు, మార్కులు మాత్రం తాడిచెట్టంత!

"బాగుందమ్మా నీ తెలివి," అన్నాడు త్రినాథ్ తెరతో.

ఉద్యోగ శిక్షణలో మొదటిరోజు చెప్పిన సూత్రం అతనికి కంఠతా వచ్చు. నేర్చుకునే మనిషి తప్పులు చేస్తాడు, తప్పుల్లేని మనిషి ఎక్కడినుంచో ఎత్తుకొచ్చాడు. ఆ సూత్రం మీదే తొమ్మిదేళ్లలో మూడువందల పన్నెండుమందికి 'కాపీ' ముద్ర వేశాడు. ఒక్క తీర్పూ తిరగబడలేదు. తనలాంటి తనిఖీదారులకీ గీతలుంటాయి. ఒక తప్పు పడితే గీత కుంగుతుంది, మూడు పడితే కుర్చీ పోతుంది. త్రినాథ్ గీత మాత్రం తాడు పట్టి గీసినట్టు తిన్నగా ఉంటుంది. 'తొమ్మిదేళ్లు, సున్నా తప్పులు' అని ఇచ్చిన ప్రశంసాపత్రాన్ని కుర్చీ వెనకాల గోడకి తగిలించుకున్నాడు, వచ్చినవాళ్లకి కనపడేలా.

సుభాషిణి మేడమ్ ఫోన్ చేసింది. ఆవిడ అతని పైఅధికారి, మాట పొదుపు మనిషి. "త్రినాథ్, ఆ లాండ్రీ ఆవిడది ఇవాళే తేలాలి. రేపే ఆఖరి పరీక్ష. నాలుగు దాటితే హాల్ టికెట్టు దానంతటది రద్దయిపోతుంది."

"ఎదుటి పరీక్ష పెట్టాలి కదా మేడమ్. వెళ్లొస్తాను."

"పెట్టు. తప్పుతుందిలే."

*

లాండ్రీ ఆసుపత్రి నేలమాళిగలో ఉంది. మెట్లు దిగుతుంటేనే ఆవిరి మొహానికి కొట్టింది. వరసగా ఆరు యంత్రాలు, ఒకదాన్ని మించి ఒకటి మోత. మధ్యలో పొడుగాటి బల్ల, దానిమీద ఆపరేషన్ థియేటర్‌లో వాడి వాడి పాతబడిన ఆకుపచ్చ దుప్పటి పరిచి ఉంది. బల్ల వెనక ఒకావిడ తువ్వాళ్లు మడతపెడుతోంది. గుర్తింపుకార్డు చూపించగానే ఆవిడ చెయ్యి చటుక్కున పక్కనున్న పెద్ద ప్లాస్టిక్ బుట్ట మీద పడింది. త్రినాథ్ కళ్లు కూడా అక్కడే పడ్డాయి.

"మజ్జి నూకరత్నం మీరేనా?"

"నేనే బాబూ. వస్తారని తెలుసు. మొన్న మార్కులు చూసినప్పుడే అనుకున్నాను, ఇంకేటి, వచ్చేస్తారని."

'తెలుసట!' అనుకున్నాడు. అప్పుడే చూశాడు, ఆవిడ రెండు చెవుల్లోనూ ఏదో తెల్లగా ఉంది. జవాబులు వినిపించే వినికిడిగింజ అయ్యుంటుంది. ఇంత తొందరగా దొరుకుతుందనుకోలేదు.

"చెవుల్లోవి తీసి బల్ల మీద పెట్టండి."

ఆవిడ తీసి పెట్టింది. దూది. విప్పి చూశాడు, పీకి చూశాడు, ముక్కు దగ్గర పెట్టుకుని కూడా చూశాడు. ఉత్త దూది.

"ఈ మోతకి పెట్టుకుంటాం బాబూ," అంది నూకరత్నం, నవ్వు ఆపుకుంటూ. "కావాలంటే మీకూ ఇస్తాను."

త్రినాథ్‌కి ఆ నవ్వు నచ్చలేదు. పలక తీసి ఆవిడ ముందు పెట్టాడు. "ఎదుటి పరీక్ష. లెక్క ఒకటే. నాలుగు నిమిషాలు. జవాబు ఒకసారి నొక్కితే మళ్లీ మార్చడానికుండదు. తప్పితే ఏమవుతుందో తెలుసుగా?"

"తెలుసు. కాపీ ముద్ర. ఏడేళ్లు కాలేజీ గుమ్మం ఎక్కడానికుండదు." ఆవిడ గొంతులో నవ్వు పోయింది. "నాకు వచ్చే నెల నలభై నిండుతాయి బాబూ. ఉప్పునీటి శుద్ధి కేంద్రంలో ఆపరేటర్ శిక్షణకి నలభై లోపే తీసుకుంటారు. రేపటి పరీక్ష పోతే ఇంక ఈ ఆవిరిలోనే నా బతుకు."

లెక్క తెర మీదికొచ్చింది. రేవులో నీటిమట్టం, మీటర్లలో, మూడు ప్లస్ రెండు కొసైన్ పై టీ బై ఆరు. టీ అంటే గంటలు. మొదటి పన్నెండు గంటల్లో నీరు నాలుగు మీటర్ల మట్టానికి ఎప్పుడొస్తుంది?

నూకరత్నం పెదాలు కదిలాయి. కొసైన్ సగం కావాలి, సగం అంటే పై బై మూడు, కాబట్టి టీ రెండు. గబగబా 'రెండు గంటలకి' అని నొక్కేసింది. నిమిషమున్నర కూడా పట్టలేదు.

తెర ఎర్రబడింది. *అసంపూర్ణం. ఎదుటి పరీక్ష: విఫలం. సిఫార్సు: కాపీ.*

త్రినాథ్ ఊపిరి పీల్చుకున్నాడు. తన ముక్కు ఎప్పుడూ తప్పలేదు, ఇవాళా తప్పలేదు. పలక వెనక్కి లాక్కోబోతున్నాడు.

"అయ్యయ్యో!" నూకరత్నం నుదురు కొట్టుకుంది. "రెండోది! నీరు దిగుతున్నప్పుడు ఓసారి నాలుగు దగ్గరికొస్తాది, మళ్లీ ఎక్కుతున్నప్పుడూ ఓసారి రావాలి కదా! రెండింటికి దిగుతాది, పదింటికి ఎక్కుతాది. ఛీ, మళ్లీ అక్కడే పడ్డాను!"

త్రినాథ్ చెయ్యి పలక మీదే ఆగిపోయింది. జవాబుల చీటీ చూసుకున్నాడు. రెండు, పది. ఎవరూ చెప్పకుండా, చెవిలో దూది కూడా లేకుండా అంది ఆ మాట.

"మళ్లీ అక్కడే అంటే? ఇంతకుముందు ఎప్పుడు పడ్డారు? మీ ఫైల్లో ఒక్క తప్పూ లేదే!"

ఆవిడ కొంగు సర్దుకుంది. కళ్లు మాత్రం బుట్ట వైపు పోయి, వెంటనే తిరిగొచ్చేశాయి. ఇంకేముంది!

"ఆ బుట్ట తియ్యండి."

"వద్దు బాబూ. ఉత్త తువ్వాళ్లు."

"తియ్యమన్నానా!"

ఆవిడ కదల్లేదు. త్రినాథే బుట్టని రెండు చేతులా ఎత్తి పక్కన పెట్టాడు. ఫోను కోసం, తీగ కోసం, ఇంకేదో యంత్రం కోసం వెతుకుతున్న కళ్లకి మొదట ఏమీ కనపడలేదు. ఆ తర్వాత కనపడింది. బుట్ట ఉన్న మేరంతా పచ్చదుప్పటి నిండా తెల్లటి రాతలు. దర్జీలు గుడ్డ మీద గీసే సుద్దతో రాసినవి. రాసి కొట్టేసినవి, కొట్టేసి మళ్లీ రాసినవి.

వంగి చదివాడు. ఏ ప్లస్ బీ అంతా వర్గం చేస్తే ఏ వర్గం, బీ వర్గం అని రాసి ఊరుకుంది ఒకచోట. దాన్ని కొట్టేసి, మధ్యలో పుట్టే రెండు ఏబీని ఇంతలావున రాసి చుట్టూ సున్నా చుట్టింది. ఇంకోచోట రెంటి మొత్తానికి లాగరిథం తీయమంటే విడివిడిగా తీసి కలిపేసింది. కోణాన్ని గడియారం ముల్లు తిరిగేవైపే తిప్పింది, సైన్‌లన్నీ తలకిందులయ్యాయి. రాతల చివర ఒక అల, దానిమీద అడ్డగీత. గీత అలని రెండుచోట్ల కోస్తే, ఒకచోటే చుక్క పెట్టి ఉంది.

తొమ్మిదేళ్లయింది త్రినాథ్ ఈ ఉద్యోగంలో చేరి. ఒక మనిషి తప్పు చేస్తూ చేస్తూ దారి వెతుక్కోవడం ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

"తప్పే బాబూ," అంది నూకరత్నం, తల దించుకుని, దొంగసొమ్ముతో దొరికిన మనిషిలాగే. "రేపు చెప్పబోయే పాఠంలో లెక్కలు ఇవాళే చేసేస్తాను. రావు కదా, అన్నీ తప్పుతాయి. ఎక్కడ తప్పుతున్నానో తెలిసేక క్లాసుకెళ్తే, ఆ ఒక్క ముక్క కోసం చెవులు రిక్కించుకుని కూచుంటాను. మిగతాది ఎలాగూ ఎక్కుతాది. నా పథకం అంతే. సాయంత్రం ఆఖరి విడతలో దుప్పటి ఉతికేస్తాను, తప్పులు పోతాయి."

"మరి ఇవన్నీ?"

"ఆఖరి రోజు కదా, కొత్త పాఠం లేదు. పదమూడు వారాల్లో ఎక్కడెక్కడ బోల్తా పడ్డానో, అవన్నీ పొద్దున్నుంచి వరసపెట్టి ఓసారి మళ్లీ పడుతున్నాను. ఆ అల దగ్గర ఇవాళ కూడా పడ్డాను, మీరే చూసేరు."

"ఇది పలక మీద చేసి ఉంటే మీమీద అనుమానమే వచ్చేది కాదు కదమ్మా!" త్రినాథ్‌కి కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

"పలక మీదా? మొదటివారం నా పక్కన ఒక పిల్ల కూచునేది, పార్వతీశమ్మ అని. తెలివైన పిల్ల. అన్నీ పలక మీదే చేసింది, మీరు చెప్పినట్టే. తప్పు పడ్డప్పుడల్లా గీత కుంగింది. పదోరోజుకి తేలికబాటకి తోసేసేరు. ఆ రోజే నా తప్పులు ఎవరి కంటా పడకూడదని అనుకున్నాను."

యంత్రం ఒకటి ఆగింది. ఆ కాస్త నిశ్శబ్దంలో త్రినాథ్‌కి తన సూత్రం మళ్లీ గుర్తొచ్చింది, ఈసారి వంకరగా. తప్పు చేస్తే ముందుచూపు కిందికి నెడుతుంది. చెయ్యకపోతే తను దొంగ అంటాడు. అయితే ఆ మూడువందల పన్నెండుమంది? వాళ్లకి ఏ దుప్పటి దొరికిందో, ఏ గోడ దొరికిందో, తను ఎప్పుడైనా అడిగాడా? 

టైము మూడూ నలభై. పలక తెరిచాడు. 'నిర్దోషి' బొత్తాం బూడిదరంగుకి తిరిగిపోయి ఉంది, నొక్కినా పలకడం లేదు. కింద చిన్న అక్షరాలు. *ఎదుటి పరీక్ష విఫలమైనచో, నిర్దోషిగా తేల్చుటకు విద్యార్థి తప్పులు జతచేయవలెను.* బతికిపోయాం అనుకుంటూ కెమెరాని దుప్పటి మీదికి తిప్పాడు.

నూకరత్నం దుప్పటి మీద అడ్డం పడిపోయింది. "వద్దు! మీ కాళ్లు పట్టుకుంటాను. ముందుచూపు ఇన్ని తప్పులు ఒక్కసారి చూస్తే నా గీత పాతాళానికి పోతాది. రేపు పరీక్ష హాల్లో కాదు, తేలికబాటలో ఉంటాను!"

నిజమే. త్రినాథ్ కెమెరా దించేశాడు. తప్పులు చూపిస్తే ఆవిడ పోయింది, చూపించకపోయినా పోయింది. ఎవడు కట్టాడో గానీ గది భలే కట్టాడు, ఎటు చూసినా గోడే.

ఫోన్ మోగింది. "తేలిందా?" అంది సుభాషిణి మేడమ్.

"తేలుతోంది మేడమ్."

"ఎదుటి పరీక్ష తప్పిందని నాకిక్కడ కనిపిస్తోంది. ఇంకా ఏం ఆలోచిస్తున్నావు? ముద్ర నొక్కి వచ్చెయ్."

ఫోన్ పెట్టేసి, ఫైలు మూసే కారణాల జాబితా మొత్తం కిందికి జరిపాడు. కాపీ. మరణం. స్వచ్ఛంద విరమణ. అన్నిటికన్నా అడుగున ఇంకోటుంది. *తనిఖీదారు తప్పు.* అది అక్కడున్నట్టు అందరికీ తెలుసు, నొక్కినవాళ్లు ఆఫీసులో ఒక్కరూ లేరు. నొక్కితే ఫైలు ఏమీ అడక్కుండా మూసుకుంటుంది, విద్యార్థి మీద అనుమానం పోతుంది. ఆ తప్పు మాత్రం విద్యార్థి గీత మీద కాదు, తనిఖీదారు గీత మీద పడుతుంది.

తన కుర్చీ వెనకాల గోడ మీదున్న కాగితం కళ్లముందు మెదిలింది. తొమ్మిదేళ్లు, సున్నా తప్పులు. అలాంటి ఫైలు ఎవరిదైనా తన బల్ల మీదికొచ్చి ఉంటే ఏం చేసి ఉండేవాడు? అరనిమిషం కూడా ఆలోచించకుండా ముద్ర గుద్దేవాడు. సిగ్గేసింది త్రినాథ్‌కి, చెవులు కాలిపోయేంత సిగ్గు.

"ఏటి బాబూ, అలాగైపోయేరు?" అంది నూకరత్నం, లేచి నిలబడి.

త్రినాథ్ అడుగునున్న మాట నొక్కాడు.

ఆవిడ కొంగుకి తగిలించుకున్న కాలేజీ తెరబిళ్ల కిర్రుమంది. చూసుకుంది. రేపు ఉదయం తొమ్మిది, మూడో గది, పద్నాలుగో కుర్చీ. హాల్ టికెట్టు. కొంగు నోటికడ్డం పెట్టుకుని గట్టిగా ఏడ్చేసింది.

త్రినాథ్ పలక ఇంకా మూసుకోలేదు. ఇంతవరకూ ఎవరూ చూడని పేజీ ఒకటి తెరుచుకుంది. *ఈ తప్పు ఇంతకుముందు కూడా చేసి ఉన్నారా? ఎన్నిసార్లు?*

ఖాళీ వదిలేసినా అడిగేవాడు లేడు. సున్నా వేసినా ముందుచూపు నమ్ముతుంది, తొమ్మిదేళ్లుగా నమ్ముతూనే ఉంది. త్రినాథ్ మూడు వేశాడు. ఒకటి వేశాడు.  రెండు వేశాడు.

తను ముద్ర వేసినవాళ్ల పేర్లు ఒకదాని కింద ఒకటి తెర మీదికి రావడం మొదలైంది. పక్కనే ఒక్కొక్కరి గీత చెరిగిపోయి మళ్లీ గీసుకుంటోంది. ఆ గీతల్ని చూసే ముందుచూపు కొత్తవాళ్ల గీతలు గీస్తుంది. కాబట్టి కాసేపటికి ఆ పక్కవీ, వాటి పక్కవీ కదలసాగాయి. ఆ తర్వాత తెర అంతా ఒకే మాట. *లెక్కిస్తున్నాను.*

ఫోన్ మళ్లీ మోగింది. సుభాషిణి మేడమ్ గొంతులో ఈసారి పొదుపు లేదు. "త్రినాథ్! ఇక్కడ గీతలన్నీ ఆగిపోయాయి! నీ పేరు చూపిస్తోంది. ఏం చేశావయ్యా? ఎక్కడ తప్పింది?"

త్రినాథ్ దుప్పటి మీదున్న సుద్దముక్క తీసుకుని, అల మీద ఖాళీగా ఉన్న రెండో చోట చుక్క పెట్టాడు.

"మొదటి ఫైలు దగ్గరే మేడమ్," అన్నాడు.