ముందు ఎరుపు నింపాలి

సాయంత్రం అయిదూ ఇరవైకి చెల్లెలు తల కడుక్కుని, తువ్వాలుతో ఒత్తుకుని, స్నానాలగది అద్దంలో చూసుకుంది. చెవి పక్కనుంచి భుజం దాకా ఒక పాయ ఆకుపచ్చగా ఉంది. మిగతా జుట్టంతా ఎప్పటిలాగే బంగారు రంగు.

"అక్కా, ఒకసారి రా. నవ్వకూడదు."

అక్క వచ్చింది. పెదవి కొరుక్కుంది. "నాచు పట్టిన గోడలా ఉందే," అంది చివరికి.

ఇది రెండో రంగు పెట్టె. మొదటి పెట్టెలోని బ్రౌన్ రంగు, నీళ్లు పోయగానే కాఫీ డికాషన్‌లా కారిపోయింది. రెండోదాన్ని మూతమీది అమ్మాయి బొమ్మ చూసి కొన్నారు. పక్కన చిన్న అక్షరాల్లో బూడిద ఛాయ అని రాసి ఉంది. ఇద్దరూ చదవలేదు. పసుపు మీద బూడిద ఛాయ పడితే ఆకుపచ్చ తేలుతుందని ఇప్పుడు తెలిసింది. ముందు ఒక్క పాయకే పూసి చూద్దామని అక్క అనబట్టి అంతటితో పోయింది.

పోయిన ఏడాది సరదాకి వేయించుకున్న బంగారు రంగు ఇది. రేపు పొద్దున హోటల్ రిసెప్షన్‌లో చేరాలి. ఈ జుట్టుతో వస్తే ఆ కుర్చీ ఇంకొకరిదని మేనేజరు మర్యాదగానే చెప్పాడు. ఏడు నెలలుగా పని లేక అక్క ఇంట్లో తింటున్న మనిషి. బావ ఒక్క మాటా అనడు. అందుకే ఆమె రెండోసారి అన్నం పెట్టించుకోదు.

"ఏడవకు. ఇంకోటి తెస్తాను," అని అక్క చెప్పులు వేసుకుని వెళ్లింది.

చెల్లెలు స్నానాలగది తలుపు ఓరగా వేసి స్టూలు మీద కూర్చుంది. గాలి ఫ్యాను గరగరలాడుతోంది. మందు ఘాటుకి కళ్లు మండుతున్నాయి. కిటికీ అద్దంలో వెలుతురు సన్నగిల్లింది. తూములోకి నీళ్లు మెల్లగా, గుటకలేస్తున్నట్టు దిగుతున్నాయి.

"బూడిద ఛాయ వద్దు," అన్నారు తలుపు అవతలినుంచి, లోగొంతుకతో.

"చేసిందంతా చేశాక ఇప్పుడా చెప్పేది? అప్పుడే వచ్చేశావే."

"నీ జుట్టులో రంగంతా పీకేశారు. ఖాళీ జుట్టు అది. బ్రౌన్ నిలవదు. ముందు ఎరుపు నింపాలి."

"షాపువాడు చెప్పాడా?"

తలుపు అవతల గిన్నెలో ఏదో కలుపుతున్న చప్పుడు.

"సరే, ఏదో ఒకటి ఇటు తే. నాకు విసుగొస్తోంది."

తలుపు సందులోంచి గిన్నె వచ్చింది. పట్టుకున్న చేతికి రంగు అంటకుండా వేసుకునే ప్లాస్టిక్ తొడుగు ఉంది. తొడుగు లోపల వేళ్లకి బదులు నీళ్లున్నాయి.

అది తర్వాత గుర్తొచ్చిన సంగతి. అప్పుడు చెల్లెలు గిన్నె లాక్కుని పూసుకోవడం మొదలుపెట్టింది. ముద్ద వెచ్చగా ఉంది. మందు ఘాటు లేదు. తుప్పు పట్టిన గొట్టం వాసన...

"వేడి చేశావా?"

"చల్లారేలోపు పూసుకో."

పూసుకుంది. మాడు జివ్వుమంది. కుదురు కుదురునీ ఎవరో వేళ్లతో పట్టి, మెత్తగా లాగుతున్నట్టు...

"అక్కా, లాగుతోంది."

"ఊఁ... అయిపోయింది."

తూము ఒక్క పెద్ద గుటక వేసింది.

అప్పుడు వీధి తలుపు తాళం తిరిగిన చప్పుడు వినిపించింది. చెప్పులు విడిచిన చప్పుడు. హాల్లోంచి అక్క గొంతు, ఆయాసపడుతూ: "సందు చివర షాపు మూసేశాడే. అవతలి వీధి దాకా పోయొచ్చాను. ఈసారి అక్షరం వదలకుండా చదివే తెచ్చాను."

చెల్లెలు కదల్లేదు. తలుపు సందులో చీకటి ఉంది. చేతిలో గిన్నె లేదు.

అక్క తలుపు తోసింది. ఆమె చేతిలో మూత తీయని పెట్టె. "ఎప్పుడు వేసుకున్నావే?"

"నువ్వే కదా ఇచ్చావు..."

"నేనిప్పుడేగా వచ్చాను. నువ్వు పొద్దున్నుంచీ ఏమీ తినలేదు, తల తిరుగుతోందేమో. వంగు, కడుగుతాను."

నీళ్లు తేటగా దిగాయి. జుట్టు ఒత్తుగా, నిగనిగలాడుతూ, కొస నుంచి కుదురు దాకా ఒకటే బ్రౌన్. ఆకుపచ్చ పాయ ఎక్కడా లేదు. "ఎవరేశారో గాని చెయ్యి తిరిగిన పని," అంది అక్క.

మర్నాడు మేనేజరు చూసి తల ఊపాడు. కుర్చీ దక్కింది.

ఆ వారం చివర స్నానాలగదిలో నీళ్లు నిలిచిపోయాయి. చెల్లెలు పని నుంచి వచ్చేసరికి ప్లంబరు తూములోంచి తీసినదాన్ని పాత పేపరు మీద పరిచాడు. తడి జుట్టు. మూరెడు పొడవు. చూడగానే అంతా బంగారు రంగు.

"ఇంట్లో ఎవరైనా గుండు చేయించుకున్నారామ్మా?" అన్నాడు నవ్వుతూ. తర్వాత వంగి చూశాడు. "గుండూ కాదు. తెగింది ఒక్కటీ లేదు. అన్నీ కుదుళ్లతో ఊడినవే."

అక్క చెల్లెలి తల వైపు చూసింది. చెల్లెలి చెయ్యి జడ దాకా లేచి, తాకకుండా ఆగిపోయింది.

పేపరు మీద, ఆ బంగారు కుప్పకి ఒక పక్కగా, ఒక్క పాయ ఆకుపచ్చగా ఉంది.