తులసి మొహం మీద చారలు

కొత్తపేట దాటేక కాలవగట్టున, ఇత్తడి సామాను చేసే బంగారయ్య కంచర కొట్టు ఉండేదండీ. దీపాలు పెట్టేక అటు ఎవరూ పోయేవారు కాదు. బంగారయ్య కాలం చేసినా, తాళం వేసిన కొట్టులోంచి సుత్తి చప్పుడు వస్తుందని ఊరంతా చెప్పుకునేవారు. నేను నమ్మలేదు. నమ్మలేదు గానీ, నేనూ చుట్టూ తిరిగే పోయేవాణ్ణి, అబద్ధమెందుకు!

ఎనభై మూడులో అనుకుంటాను, ఓ శనివారం. మా బాబాయి కొడుకు దొరబాబు వాడపల్లి వెంకన్నని చూసుకుని, చీకటి పడ్డాక సైకిలు మీద వస్తున్నాడు. సరిగ్గా ఆ కొట్టు ముందే చైను ఊడింది. ఊడటానికి ఇంకో చోటే దొరకలేదు దానికి!

లోపల వెలుగు... తలుపు సందులో కన్ను పెట్టేడు.

చీకట్లో — గాల్లో — ఓ పసిపిల్ల మొహం. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. దాని మీద నల్లటి చారలు మెల్లగా కదులుతున్నాయి... ఒళ్ళు లేదు. ముక్కు లేదు.

"వామ్మో!" అని వెల్లకిలా పడ్డాడు.

తలుపు తెరుచుకుంది. వచ్చింది బంగారయ్య కొడుకు రాంబాబు, కాకినాడలో ఇంజినీరింగు మేష్టారు.

"అరవకండి దొరబాబు గారూ... లోపల అమ్మ ఉంది," అన్నాడు గుసగుసగా.

లోపలికెళ్ళి చూస్తే, స్టాండుకి బిగించిన ఇత్తడి మొహమండీ అది. రాంబాబు చెల్లెలు తులసిది. చిన్నప్పుడే జొరమొచ్చి పోయింది. ఒక్క ఫోటో అయినా లేదు. ఆ దుఃఖంలో బంగారయ్య రేకుని సుత్తితో కొట్టి, గుర్తున్న మొహం తెచ్చేడు. అచ్చం అలాంటిదే ఇంకోటి చేయించాలని రాంబాబు ఆశ. వాళ్ళమ్మ అన్నపూర్ణమ్మ గారేమో "నా పిల్లని ఈ కొట్టు గడప దాటించను" అని పట్టు పట్టేరు. అందుకే ప్రొజెక్టరూ కెమెరా బస్సులో మోసుకొచ్చేడు. వెలుగు చారలు మొహం మీద వేసి, ఎక్కడెంత వంగేయో ఫోటో తీసి లెక్కగడితే, ముట్టుకోకుండానే ఎత్తుపల్లాలన్నీ తెలుస్తాయంట.

కానీ మెరిసే ఇత్తడి మీద చార నిలవదు. "తోమకమ్మా" అని ముందే బతిమాలేడు. ఆవిడ వింటేగా! "మాసిన మొహంతో ఎలా కూచోబెడతాన్రా?" అని చింతపండూ ఇటికపొడీ వేసి తళతళలాడించేరు. ఏళ్ళ తరబడి రోజూ కొట్టుకొచ్చి అదే పని ఆవిడకి. చేసేది లేక, మెరుపు కనపడకుండా పైన పౌడరు అద్దేడు.

"మరి... ముక్కు దగ్గర చార తిన్నగా పోతోందేంటండీ?" అన్నాడు దొరబాబు.

"అరిగిపోయిందండీ... పెదాలు కూడా. అమ్మ తోమి తోమి..." అన్నాడు రాంబాబు, అమ్మకి వినపడకుండా. "కొలవడానికి ఇందులో మా చెల్లి లేదండీ."

తరవాత దొరబాబు ఇది చెబుతుంటే నాకు ఏడుపొచ్చింది, ఒళ్ళూ మండింది. ఎవరి మీద మండాలో మాత్రం తెలీలేదు.

మూల పీట మీంచి అన్నపూర్ణమ్మ గారు అడిగేరంట, "బాగా వచ్చిందా నాయనా?"

"ఆయ్... అచ్చం మన తులసేనమ్మా," అన్నాడు రాంబాబు.

ఆవిడ సంబరంగా లేచేరు. చేతులు చాపేరు.

"పౌడరు కళ్ళల్లో పడుద్దిరా దానికి... ఇలా తే, శుభ్రంగా తోమేస్తాను."

రాంబాబు ఇచ్చేసేడండీ.