ఏడో పొర

"ఎవరు కోశారిది?"

పై వాటాలోకి కొత్తగా దిగిన కుర్రాడు కొడవలితో సహా దొరికిపోయాడు. పెరడు శుభ్రం చేసి ఇంటివాళ్ళ దగ్గర మంచి పేరు కొట్టేద్దామని, పొద్దున్నే లేచి గోడ పక్కన గుబురుగా ఉన్న గడ్డంతా కోసి కుప్ప పోశాడు పాపం.

"నేనేనండి. గడ్డి బాగా పెరిగిపోయిందని..."

"గడ్డా? అమ్మమ్మా, ఒకసారి ఇలా రా! మిఠాయిల్లో వాసనకి వేసే నీ పాండన్ మొక్కకి గుండు కొట్టేశారు!"

అరిచింది ఇంటివాళ్ళ మనవరాలు, పిల్లలకి ఈత నేర్పే కోచ్. కొలను ఆ చివరనున్నవాళ్ళు కూడా ఉలిక్కిపడే గొంతు. అతను పెయింట్ల షాపులో రంగులు కలుపుతాడు. డబ్బాలతో ఉన్నంత చనువు అతనికి మనుషులతో లేదు.

అమ్మమ్మ వచ్చి కుప్పను చూసింది. అతని మొహం చూసింది.

"వేరుంది కదే, మళ్ళీ వస్తుందిలే. కానీ అబ్బాయ్, ఆకు వాడిపోతే వాసన పోతుంది. కోసినవాడివే పిండాలి. పద వంటింట్లోకి."

"షాపుకి టైమ్..."

"ఇవాళ ఆదివారం," అంది కోచ్.

కత్తెరతో ఆకులు తరిగాడు. మిక్సీలో కాసిని నీళ్ళు పోసి తిప్పాడు. గుడ్డలో మూటకట్టి పిండాడు. తెల్లటి గిన్నెలోకి చుక్కలు చుక్కలుగా ఆకుపచ్చ రసం దిగింది. కొత్త బియ్యం ఉడికేటప్పుడు మూత తీస్తే వచ్చే వాసన గదంతా నిండింది. అతను కదలకుండా నిలబడిపోయాడు. షాపులో ఆకుపచ్చలకే విడిగా ఒక నంబర్ల కార్డు ఉంది. దాని మీద ఇది లేదు.

"ఇది ఏ నంబరండి?"

"ఏంటీ?"

"ఈ రంగు."

ఆమె పొద్దుట్నుంచీ మొదటిసారి నవ్వింది. "ఆకుని అడగండి."

కొబ్బరిపాలు, బియ్యప్పిండి, పంచదార కలిపి రెండు గిన్నెల్లో పోసింది. ఒకదాంట్లో పచ్చరసం కలిపింది, రెండోది తెల్లగా వదిలేసింది. ఆవిరిగిన్నె మూతకి గుడ్డ కట్టింది. లేకపోతే ఆవిరి చుక్కలు మిఠాయి మీద పడి గుంటలు చేస్తాయట.

"తొమ్మిది పొరల మిఠాయి ఇది," అంది అమ్మమ్మ, పీట వాల్చుకుని. "పచ్చ, తెలుపు, పచ్చ, తెలుపు. మొదటిది పోసింది మొదలు ఆఖరిది ఉడికేదాకా ఎవ్వరూ నోరు మెదపకూడదు. మాట పడిందా, పొర విడిపోతుంది. మా అత్తగారి మాట."

"నిజమేనాండి?" అతను గుసగుసగా అడిగాడు.

"ఏమో. నేనెప్పుడూ నోరు మూసుకుని చెయ్యలేదు, ఎప్పుడూ కుదర్లేదు." ఆమె గొంతు తగ్గింది. "ఇవాళ కుదరాలి. మణికట్టు నొప్పితో అమ్మమ్మ ఇంక గరిటె పట్టలేదు. నాకు రాకపోతే మా ఇంట్లో ఇంకెవరికీ రాదు. దయచేసి మీరు మాట్లాడకండి."

"నేనసలు మాట్లాడనండి," అన్నాడు. అది నిజమే.

మొదటి పొర పడింది. గది నిశ్శబ్దమైంది.

అంత గొంతున్న మనిషి ఇంత నెమ్మదిగా ఉండగలదని అతను కలలో కూడా అనుకోలేదు. మూత ఎత్తేది. వేలికొనతో పొరని తాకి చూసేది. తర్వాతి పిండిని నేరుగా పొయ్యకుండా ఇంకో గరిటె వీపు మీదుగా జార్చేది. కొబ్బరిపాల తెలుపు చప్పుడు లేకుండా అంచుల దాకా పాకేది. జీవితమంతా రంగులతో గడిపినవాడు, రంగుని చూసి ఊపిరి బిగబట్టాడు. ఆ మాటకొస్తే రంగుని మాత్రమే చూశాడని చెప్పలేం.

ఏడో పొరకి ఆమె మూత ఎత్తింది. కిటికీలోంచి ఎండ ఆవిరి మీద పడింది. నుదుటి మీద చెమట, చేతిలో పచ్చటి గరిటె, మొహంలో చిన్నపిల్లకుండే శ్రద్ధ. అతని గుండె నిండిపోయింది.

"మీరంటే నాకు చాలా ఇష్టమండి."

అమ్మమ్మ నెత్తి కొట్టుకుంది.

కోచ్ గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. అతని వంక చూసింది. చాలాసేపటికి పిండి పోసి మూత పెట్టింది.

భూమి చీలితే దూరిపోదామనిపించింది అతనికి. ఇంకా రెండు పొరలున్నాయి. ఆమె జవాబివ్వదు, ఇవ్వకూడదు. అవుననా, కాదనా, పై వాటా ఖాళీ చెయ్యమనా? తల వంచుకుని గిన్నెలు అందించాడు.

పొయ్యి ఆర్పగానే "తప్పయిపోయిందండి" అనబోయాడు.

"ఉష్! చల్లారాకే ఏదైనా," అంది అమ్మమ్మ. "కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేం అబ్బాయ్."

చల్లారింది. చాకుకి నూనె రాసి ఆమె కోసింది. ముక్క పక్కకి ఒరిగితే ముగ్గురూ ఒక్కసారే వంగి చూశారు. పచ్చ, తెలుపు, పచ్చ, తెలుపు, గీత గీసినట్టు.

"కుదిరింది," అంది ఆమె, తనని తాను నమ్మలేనట్టు. ముక్క చేతిలోకి తీసుకుంది. పైన మూడు పొరలు ఒక్కపెట్టున ఊడి వచ్చాయి.

"చూశారా! మీరు నోరు తెరిచిన చోటే! సరిగ్గా ఏడో పొర దగ్గరే!"

అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. తనకి జవాబు దక్కకపోతే పోయె, ఆమె పని పాడుచేశాడు.

అమ్మమ్మ ముక్కని వెలుగులో తిప్పి చూసింది.

"ఒసేయ్, మాటకి పొర విడిపోతుందా? కోడళ్ళ నోళ్ళు మూయించడానికి మా అత్తగారు పెట్టిన రూలది. కింది పొర ఇంకా కొంచెం జిగటగా ఉండగానే పైది పొయ్యాలి. ఆలస్యమైతే బిగుసుకుపోయి అతుక్కోదు. మిగతావన్నీ అతుక్కున్నాయి, పని నీకొచ్చేసినట్టే. ఇక్కడ మాత్రం గరిటె పట్టుకుని అంతసేపు ఎందుకు నిలబడ్డావే?"

కోచ్ చెవులు ఎర్రబడ్డాయి. కొలను దాటే గొంతు పీట దాకా కూడా రాలేదు.

"ఏంటీ? వినపడట్లేదు."

"ఇంకోసారి అంటారేమోనని..."

అతను ఇంకోసారి అన్నాడు. ఈసారి పెరట్లోకి వినపడేలా అన్నాడు. ఆమె నవ్వుతూ, ఊడిన మూడు పొరలూ అతని చేతిలో పెట్టింది.

అమ్మమ్మ మిగతా ముక్కలు డబ్బాలో సర్దడం మొదలుపెట్టింది.

"మీ అమ్మగారు ఏ టైమ్‌కి ఇంట్లో ఉంటారు అబ్బాయ్?"